ఫైలు ఉంది, స్క్రిప్టుకు దొరకదు

డేటాబేస్ స్క్రిప్టు ఏదైనా ఎక్కడో ఒకచోట ఒక ఫైలు పేరు చెప్పక తప్పదు. రోజూ రాత్రి వచ్చే సీఎస్‌వీని టేబుల్లోకి ఎక్కించే స్క్రిప్టు కావచ్చు, బ్యాకప్ తీసి ఇంకో సర్వర్ మీద పడేసేది కావచ్చు, షేర్డ్ ఫోల్డర్‌లోని యాక్సెస్ ఫైలుకు లింక్ కలిపేది కావచ్చు. అంతా ఒకే సిస్టమ్ మీద ఉన్నంతకాలం ఆ పేరుతో పేచీ రాదు. నెట్‌వర్క్ మధ్యలోకి వచ్చాక ఫిర్యాదులు చిత్రంగా ఉంటాయి. రాసినవారి దగ్గర నడుస్తుంది, పక్క సీట్లో నడవదు. పగలు చేత్తో నడిపితే నడుస్తుంది, రాత్రి షెడ్యూల్లో పడిపోతుంది. ఫైలు ఎక్స్‌ప్లోరర్‌లో కళ్లెదుట కనబడుతూనే ఉంటుంది, స్క్రిప్టు మాత్రం లేదంటుంది. ఇవి వేర్వేరు జబ్బుల్లా కనిపించినా చాలావాటి మూలం ఒక్కటే: పాత్ తనంతట తాను పూర్తి చిరునామా కాదు. రావిచెట్టు దాటాక ఎడమ సందు అని చెప్పినట్టే ఉంటుంది; ఏ ఊళ్లో నిలబడి వింటున్నారో తేలనిదే ఆ మాటతో ఇల్లు దొరకదు. ఏ మెషిన్ చదువుతోంది, ఏ అకౌంటు పేరుమీద చదువుతోంది, ఏ ఫోల్డర్‌లో నిలబడి చదువుతోంది అన్న సంగతులు తోడైతేనే పాత్‌కు అర్థం వస్తుంది. స్క్రిప్టులో కనిపించేది పాత్ ఒక్కటే. మిగతావి రాసినవారి ఊహలోనే ఉండిపోతాయి.

వెతకడం మొదలుపెట్టాల్సింది ఎర్రర్ నంబర్ దగ్గర. కింద వాక్యం ఎలా ఉన్నా, విండోస్ ఇచ్చే నంబర్ చాలావరకు నిజమే చెబుతుంది. 2 అంటే ఫోల్డర్ దాకా వెళ్లింది, ఫైలే లేదు. 3 అంటే ఫోల్డర్ దారే తెగింది. 5 అంటే అక్కడిదాకా వెళ్లింది గానీ పర్మిషన్ లేదు. 32 అంటే ఇంకెవరో ఆ ఫైలును తెరిచి పట్టుకున్నారు. 53 అంటే సర్వరే దొరకలేదు. 67 అంటే నెట్‌వర్క్ పేరు దొరకలేదు, చాలాసార్లు షేర్ పేరులో తప్పుంటుంది. 1326 అంటే యూజర్ పేరో పాస్‌వర్డో చెల్లలేదు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. వీబీఏకు తన సొంత నంబర్లున్నాయి, అందులో 53 అంటే ఫైలు దొరకలేదని అర్థం. విండోస్ 53ను వీబీఏ 53గా చదివినవారు కేబుల్ ఊడిందేమో చూడాల్సిన చోట ఫైలు పేరు దిద్దుతూ కూర్చుంటారు. ఏ పొర నుంచి నంబర్ వచ్చిందో ముందు తేల్చుకోవాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇచ్చే 4860 మరీ గడుసుది: ఫైలు లేదు లేదా మీకు హక్కు లేదు అని రెండు కారణాలనూ ఒకే వాక్యంలో చుట్టి చేతిలో పెడుతుంది. దాని పక్కదైన 4861 మేలు, ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్‌ను కూడా వెంట తెస్తుంది.

నంబర్‌తో పాటు కావాల్సింది స్క్రిప్టు చివరికి తెరవబోయిన పేరు, అక్షరం పొల్లుపోకుండా. ఫోల్డర్ ఒక వేరియబుల్‌లో, తేదీ ఒకదానిలో, ఎక్స్‌టెన్షన్ ఇంకోదానిలో ఉండి, మూడూ అతికాక ఏం తయారైందో సోర్స్ చూసి చెప్పడం కష్టం. ఆ స్ట్రింగ్‌ను లాగ్‌లో రెండువైపులా చతురస్ర బ్రాకెట్లు పెట్టి రాయిస్తే చివర వేలాడే ఖాళీ కూడా బయటపడుతుంది. వీబీఏలో ‘ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్’ పెట్టి ఉంటే ముందు దాన్ని తీసేయాలి. అది ఉన్నంతసేపూ అసలు ఎర్రర్ నిశ్శబ్దంగా దాటిపోతుంది, ఎక్కడో పది లైన్ల కింద ఏ సంబంధమూ లేని ఎర్రర్ పైకి తేలుతుంది.

తర్వాతి ప్రశ్న: ఫైలును నిజంగా తెరిచేది ఏ మెషిన్? అనుభవం ఉన్నవారు కూడా పప్పులో కాలేసేది ఇక్కడే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బల్క్ ఇన్సర్ట్ కమాండ్ ఇచ్చి సీ డ్రైవ్‌లోని ఫైలు పేరు చెబితే, ఆ సీ డ్రైవ్ కమాండ్ టైప్ చేసినవారి సిస్టమ్‌ది కాదు, సర్వర్‌ది. పోస్ట్‌గ్రెస్‌లో కాపీ కమాండ్ కూడా అంతే, సర్వర్ మీది ఫైలునే చదువుతుంది. దానికి సూపర్‌యూజర్ హోదా గానీ, 11వ వెర్షన్ నుంచి వచ్చిన ప్రత్యేక రోల్ గానీ కావాలి. బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే కాపీ మాత్రం పీఎస్‌క్యూఎల్ అనే క్లయింటు సొంత కమాండ్, అది కూర్చున్న సిస్టమ్ మీది ఫైలు చదివి సర్వర్‌కు పంపుతుంది. ఒక్క గీత తేడాతో ఫైలు ఉండాల్సిన మెషినే మారిపోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో లోడ్ డేటా పక్కన లోకల్ అనే మాట ఆ పని చేస్తుంది. లోకల్ లేకుంటే ఫైలు సర్వర్ మీద, అదీ అడ్మిన్ అనుమతించిన ఫోల్డర్‌లోనే ఉండాలి. లోకల్ పెడితే 8.0 వెర్షన్‌లో ఆ సదుపాయం మొదట ఆపేసే ఉంటుంది, రెండువైపులా తెరవాలి. డెవలపర్ తన ల్యాప్‌టాప్‌లోనే సర్వర్ కూడా పెట్టుకుని రాసినప్పుడు ఈ తేడా కనబడే అవకాశమే లేదు. అక్కడ క్లయింటు, సర్వర్ ఒకే సీ డ్రైవ్‌ను పంచుకుంటాయి.

మెషిన్ సంగతి తేలాక డ్రైవ్ అక్షరాల వంతు. 1981లో ఎంఎస్‌-డాస్ ఈ పద్ధతిని సీపీ/ఎం నుంచి తెచ్చుకుంది. ఏ, బీ అంటే ఫ్లాపీలు. ఫోల్డర్లు, వాటి మధ్య బ్యాక్‌స్లాష్ 1983లో డాస్ 2.0తో వచ్చాయి. ఒక మనిషి, ఒక పెట్టె ఉన్న రోజుల ఏర్పాటు అది. నెట్‌వర్క్ షేర్‌ను జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ చేసుకోవడం దాని మీద వేసిన అతుకు. ఆ జెడ్ కంప్యూటర్‌ది కాదు, లాగిన్ సెషన్‌ది. విండోస్ ఎక్స్‌పీ నుంచి ప్రతి సెషన్‌కు మ్యాపింగులు వేరు. అదే సిస్టమ్‌లో నడిచే సర్వీస్‌కు గానీ, ఎవరూ లాగిన్ కాని వేళ మొదలయ్యే షెడ్యూల్డ్ టాస్క్‌కు గానీ ఆ జెడ్ ఉండదు. విస్టాలో యూఏసీ వచ్చాక, అదే యూజర్ అదే క్షణాన ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ కొట్టి తెరిచిన విండోలో కూడా మామూలుగా జెడ్ కనబడదు. జెడ్‌కు బ్యాకప్ తీయమంటే ఎస్‌క్యూఎల్ సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎర్రర్ 3 ఇచ్చి ఊరుకోవడం ఇందుకే. యాక్సెస్‌లో ఈ తప్పు ఇంకా చాపకింద నీరులా చేరుతుంది. లింక్ కలిపేటప్పుడు జెడ్ డ్రైవ్ తెరిచి ఫైలు ఎంచుకుంటే లింక్‌లో ఆ అక్షరమే దాచుకుంటుంది, నెట్‌వర్క్ ద్వారా వెళ్లి ఎంచుకుంటే సర్వర్ పేరుతో పూర్తి పాత్ దాచుకుంటుంది. అకౌంట్స్ సెక్షన్లో జెడ్, పక్క సెక్షన్లో వై అయితే, ఒకరు తయారుచేసి పంచిన ఫైలు రెండోవారి దగ్గర 3044 చూపిస్తుంది, అంటే పాత్ చెల్లదని. స్క్రిప్టులో, లింకుల్లో డ్రైవ్ అక్షరం అసలు ఉండకూడదు. \\సర్వర్\షేర్ రూపంలో రాయడమే సరైన పద్ధతి. ఇందులో మినహాయింపులు వెతుక్కోవడం వృథా.

సర్వర్ పేరుతో రాసినా అకౌంటు చిక్కు మిగిలే ఉంటుంది. లోకల్ సిస్టమ్ అకౌంటు కింద నడిచే సర్వీస్ నెట్‌వర్క్ మీదికి వెళ్లినప్పుడు ఏ మనిషి పేరుతోనూ వెళ్లదు. డొమైన్‌లో కంప్యూటర్ పేరు చివర డాలర్ గుర్తు తగిలించిన అకౌంటుగా వెళ్తుంది. షేర్ మీద ఆ కంప్యూటర్‌కే పర్మిషన్ ఇస్తే పని జరుగుతుంది, అయితే సర్వీస్‌కంటూ ఒక అకౌంటు పెట్టి దానికే హక్కులివ్వడం శుభ్రమైన దారి. పర్మిషన్ రెండు చోట్ల ఉంటుందన్నది మరవకూడదు: షేర్ మీద ఒకటి, డిస్క్ మీది ఫోల్డర్‌కు ఒకటి. రెండింటిలో ఏది బిగువుగా ఉంటే అదే చెల్లుతుంది.

డబుల్ హాప్ అని అడ్మిన్లు పిలిచే చిక్కు ఇక్కడే పుడుతుంది. యూజర్ విండోస్ లాగిన్‌తో డేటాబేస్ సర్వర్‌కు కనెక్ట్ అవుతారు, ఫైలు మూడో మెషిన్ మీద ఉంటుంది. బల్క్ ఇన్సర్ట్ ఆ యూజర్ పేరుమీదే ఫైలు అడగాలి, కానీ డేటాబేస్ సర్వర్‌కు ఆయన గుర్తింపును ఇంకో గడప దాటించే అధికారం లేదు. ఫలితం ఎర్రర్ 5. అదే కమాండ్‌ను సర్వర్ ముందు కూర్చుని కొడితే నడుస్తుంది, ఎందుకంటే అప్పుడు గడప ఒక్కటే. ఎస్‌క్యూఎల్ లాగిన్‌తో వెళ్లినా నడవొచ్చు, అప్పుడు సర్వీస్ అకౌంటు పేరుమీద ఫైలు తెరుచుకుంటుంది. ఇంత హక్కున్న యూజర్‌కు పని జరగక, మామూలు లాగిన్‌కు జరగడం చూసి చాలామంది పర్మిషన్లన్నీ ఊడగొట్టి ‘ఎవ్రీవన్’కు ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తారు. డబుల్ హాప్‌కు అది మందు కూడా కాదు. కెర్బెరోస్ డెలిగేషన్ అమర్చాలి, లేదా ఫైలును డేటాబేస్ సర్వర్ మీదికే ముందుగా తెచ్చుకోవాలి. చిన్న ఆఫీసుకు రెండోదే తేలిక.

నిలబడ్డ ఫోల్డర్ సంగతి కొద్దిలో తేలుతుంది. ఫైలు పేరు మాత్రమే ఇచ్చి పాత్ ఇవ్వకపోతే, ప్రోగ్రామ్ అప్పటికి ఏ ఫోల్డర్‌లో ఉందో అందులో వెతుకుతుంది. టాస్క్ షెడ్యూలర్‌లో ‘స్టార్ట్ ఇన్’ గడి ఖాళీగా వదిలితే అది విండోస్ సిస్టమ్32 ఫోల్డర్ అవుతుంది. లినక్స్ క్రాన్‌లో యూజర్ హోమ్ ఫోల్డర్ అవుతుంది. యాక్సెస్‌లో ప్రాజెక్టు ఫైలు ఉన్న ఫోల్డర్‌నే ఆధారంగా తీసుకోవాలి. ప్రస్తుత ఫోల్డర్ చెప్పే ఫంక్షన్‌ను నమ్మితే, యూజర్ ‘సేవ్ యాజ్’ డబ్బాలో ఎటు తిరిగితే స్క్రిప్టూ అటే తిరుగుతుంది.

ఇక అక్షరాలు. మైఎస్‌క్యూఎల్ స్ట్రింగుల్లో బ్యాక్‌స్లాష్‌కు వేరే పని ఉంది. ‘న్యూ’ అనే ఇంగ్లిష్ పేరున్న ఫోల్డర్ ముందు ఒక్క బ్యాక్‌స్లాష్ రాస్తే, అది ఎన్ అక్షరంతో కలిసి కొత్త లైనుగా మారిపోతుంది. ‘టేబుల్’ ముందుదైతే ట్యాబ్ అవుతుంది. రెండేసి రాయాలి, లేదా ముందుకు వాలిన స్లాష్ వాడాలి. కాన్ఫిగ్ ఫైలును విండోస్‌లో సేవ్ చేసి లినక్స్‌లో చదివితే ప్రతి లైను చివర ఒక కనబడని అక్షరం అంటుకుని పాత్‌లో చేరుతుంది. పెద్ద బడి, చిన్న బడి అక్షరాల తేడా విండోస్ పట్టించుకోదు, లినక్స్ పట్టిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌ను విండోస్ నుంచి లినక్స్‌కు మార్చిన రోజున టేబుల్ పేర్లే దొరక్కుండా పోవడం ఈ తేడా వల్లే.

తెలుగు పేర్లున్న ఫైళ్లకు వేరే కష్టాలున్నాయి, వీటి గురించి ఇంగ్లిష్ మాన్యువళ్లలో పెద్దగా దొరకదు. విండోస్‌లో తెలుగుకు పాత పద్ధతి కోడ్ పేజీ ఎన్నడూ లేదు, యూనికోడ్‌తోనే తెలుగు వచ్చింది. వీబీఏలోని డిర్ వంటి పాత ఫంక్షన్లు పేరును కోడ్ పేజీలోకి మార్చి పనిచేస్తాయి. మార్చలేని అక్షరం ప్రతిదీ ప్రశ్నార్థకం అవుతుంది. ఫోల్డర్‌లో ఫైళ్లున్నాయని డిర్ చెబుతుంది, కానీ పేరు అడిగితే వరసగా ప్రశ్నార్థకాలు ఇస్తుంది, ఆ పేరుతో తెరవబోతే ఫైలు లేదు. ఇంతకన్నా అపాయం ఇంకొకటి ఉంది. ప్రశ్నార్థకం అంటే ‘ఏదో ఒక అక్షరం’ అని వెతుకులాటలో అర్థం, కాబట్టి తెలుగు పేరును కోడ్‌లో నేరుగా రాస్తే దానికి అతికే వేరే ఫైలును పట్టుకునే వీలుంది. ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్ వాడితే ఈ బాధ లేదు, అది యూనికోడ్‌ను సరిగ్గానే మోస్తుంది.

కంటికి కనబడని నాన్ జాయినర్ సంగతి ఇంకా సున్నితమైనది. పొల్లుతో ముగిసే మాటల తర్వాత కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తును చేరుస్తాయి. ‘ఏప్రిల్ జీతాలు’ అని ఇద్దరు టైప్ చేసిన రెండు ఫైళ్లు చూపుకు ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కు మాత్రం రెండు వేర్వేరు పేర్లు. ఒకే ఫోల్డర్‌లో రెండూ పక్కపక్కనే ఉండగలవు. అలాగే ‘రైతు’లోని ఐత్వాన్ని ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వం, కింద గుర్తు అని రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. పాత మ్యాక్ డిస్కులు ఇలాంటివాటిని విడదీసి దాచేవి, విండోస్ ఎలా వచ్చినవాటిని అలాగే ఉంచుతుంది. యూనికోడ్ నార్మలైజేషన్‌తో ఐత్వం చిక్కు విడిపోతుంది, నాన్ జాయినర్ చిక్కు దానితో పోదు, విడిగా ఏరివేయాలి. తెలుగు పేర్లు పెట్టవద్దని చెప్పడం అడ్మిన్లకు అలవాటు. ఫైలు పేరు తెలుగులో ఉండటం యూజర్ హక్కు. మనుషులు పెట్టిన పేరును టేబుల్లో దాచి, స్క్రిప్టు తిరిగే ఫోల్డర్‌లో నంబర్లతో పేర్లు పెడితే ఇద్దరికీ ఇబ్బంది ఉండదు.

ఫైలు రిఫరెన్సులంటే డేటా ఫైళ్లే కానక్కర్లేదు. వీబీఏ ప్రాజెక్టు వాడుకునే లైబ్రరీల జాబితా కూడా రిఫరెన్సులే. కొత్త ఆఫీస్ ఉన్న సిస్టమ్‌లో తెరిచి సేవ్ చేస్తే ఎక్సెల్ లైబ్రరీ రిఫరెన్స్ కొత్త వెర్షన్‌కు ఎగబాకుతుంది, పాత ఆఫీస్ ఉన్న సిస్టమ్‌లో అది ‘మిస్సింగ్’ అని కనిపిస్తుంది. వింత ఏమిటంటే, ఎర్రర్ ఎక్సెల్ లైన్ల దగ్గరే రావాలని లేదు. లెఫ్ట్, ట్రిమ్, డేట్ లాంటి అమాయకపు ఫంక్షన్ల దగ్గర ప్రాజెక్టో లైబ్రరీయో దొరకలేదని ఆగిపోతుంది. ఒక్క రిఫరెన్స్ తెగితే మిగతా పేర్లను పోల్చుకోవడం కూడా తప్పుతుంది. పేరుతో అప్పటికప్పుడు ఆబ్జెక్ట్ తయారుచేసుకునే లేట్ బైండింగ్ పద్ధతికి మారితే వెర్షన్ల గోల తగ్గుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ ఆగిపోయే బగ్గులు. ఆగనివే ప్రమాదం: ఫైలు దొరుకుతుంది, కానీ దొరికింది వేరే ఫైలు. 1990లలో పీజీడీసీఏ చదివిన తరానికి గుర్తుండే ఫాక్స్‌ప్రోలో సెట్ పాత్ అనే కమాండ్ ఉంది. ఫైలు ప్రస్తుత ఫోల్డర్‌లో లేకుంటే ఆ జాబితాలోని ఫోల్డర్లన్నీ వరసగా వెతుకుతుంది. సర్వర్ మీది డీబీఎఫ్‌కు ముందే లోకల్ డిస్కులో పాత కాపీ ఒకటి తగిలితే దాన్నే తెరుస్తుంది, మనుషులు అందులోనే ఎంట్రీలు వేస్తారు. విజువల్ ఫాక్స్‌ప్రో 9తోనే ఆ ఉత్పత్తి ఆగిపోయింది, 2015 జనవరితో మైక్రోసాఫ్ట్ సపోర్టూ ముగిసింది, కానీ ఈ జాతి బగ్ బతికే ఉంది. ఫైల్‌మేకర్‌లో ఒక్కో డేటా సోర్స్‌కు పాత్‌ల వరస ఇవ్వొచ్చు, ముందు దొరికినదే తెరుచుకుంటుంది. ఆ వరసలో లోకల్ కాపీ సర్వర్ కన్నా పైన ఉంటే కథ మళ్లీ అదే. 2004లో 7వ వెర్షన్ వచ్చేదాకా ఫైల్‌మేకర్‌లో ఒక ఫైలుకు ఒకే టేబుల్, కాబట్టి ఒక పని కోసం పదుల ఫైళ్లు ఒకదాన్నొకటి పిలుచుకునేవి, ఒక్కటి దారి తప్పినా సగం డేటా ఇక్కడ, సగం అక్కడ.

ఎస్‌క్యూలైట్ పద్ధతి ఇంకో రకం. అడిగిన ఫైలు లేకపోతే ఎర్రర్ ఇవ్వదు, ఆ పేరుతో ఖాళీ డేటాబేస్ తయారుచేస్తుంది. తర్వాత ‘అలాంటి టేబుల్ లేదు’ అంటుంది. టేబుల్ ఎవరు తుడిచేశారని వెతుకుతారు, అసలు తప్పు పాత్‌ది. తెరిచేటప్పుడు చదవడం-రాయడం మాత్రమే, సృష్టించడం వద్దు అని మోడ్ చెబితే మొదటి లైనులోనే ఆగుతుంది. ఎస్‌క్యూలైట్ ఫైలును నెట్‌వర్క్ షేర్ మీద పెట్టి పదిమంది రాయడం మాత్రం ఏ మోడ్‌లోనూ మంచిది కాదు. తాళాల పని ఫైల్ సిస్టమ్ మీద ఆధారపడుతుంది, డబ్ల్యూఏఎల్ మోడ్ అయితే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ మీద పనిచేయనే పనిచేయదు. వేరే ఫైలు తెరుచుకునే ఈ జాతి బగ్గుల్ని పట్టడానికి ఒక చిన్న ఏర్పాటు చాలు. ప్రతి డేటాబేస్‌లో ఒక గుర్తింపు టేబుల్ పెట్టి, అది అసలుదా, టెస్ట్‌దా, కాపీనా అని రాసి ఉంచాలి. స్క్రిప్టు మొదట దాన్ని చదివి, కోరుకున్నది కాకపోతే అక్కడే ఆగాలి.

తాళాల మాట వచ్చింది గనుక యాక్సెస్ గురించి ఒకటి చెప్పాలి. డేటాబేస్ తెరవగానే పక్కనే ఒక లాక్ ఫైలు పుడుతుంది. కాబట్టి యూజర్‌కు ఆ ఫైలు మీద హక్కు ఉంటే చాలదు, ఫోల్డర్‌లో కొత్త ఫైలు సృష్టించే హక్కూ కావాలి. సీఎస్‌వీల విషయంలో సగం కాపీ అయిన ఫైలును స్క్రిప్టు ఎత్తుకుపోవడం ఇంకో బాధ. పంపేవారు తాత్కాలిక పేరుతో కాపీ చేసి, పూర్తయ్యాక అసలు పేరు పెట్టేలా ఒప్పందం చేసుకుంటే అది పోతుంది.

ఇవన్నీ ఊహలతో తేలనప్పుడు పనిముట్టు తీయాలి. విండోస్‌లో ప్రాసెస్ మానిటర్ అనే సిస్‌ఇంటర్నల్స్ ఉచిత ప్రోగ్రామ్ ఉంది. ఏ ప్రాసెస్, ఏ యూజర్ పేరుమీద, ఏ పాత్‌ను అడిగింది, ఏం జవాబు వచ్చింది అన్నది లైను లైనుగా చూపిస్తుంది. ‘నేమ్ నాట్ ఫౌండ్’, ‘పాత్ నాట్ ఫౌండ్’, ‘యాక్సెస్ డినైడ్’ జవాబులకు ఫిల్టర్ పెడితే అరగంట వాదన ఒక నిమిషంలో తేలుతుంది. లినక్స్‌లో ఎస్‌ట్రేస్ ఆ పని చేస్తుంది. సర్వీస్ అకౌంటు కిందే కమాండ్ విండో తెరిచి ఆ పాత్‌ను డిర్ కొట్టి చూడటం కూడా మంచి పరీక్ష. అడ్మిన్ లాగిన్‌తో చూసి ఫైలు ఉందిగా అనడం పరీక్ష కిందికి రాదు.

చివరిది సర్వర్ మారిన రోజు. పాత పేరునే డీఎఫ్‌ఎస్ ద్వారా కొత్త మెషిన్‌కు తిప్పే ఏర్పాటు ముందే ఉంటే స్క్రిప్టులకు తెలియనే తెలియదు. లేకపోతే పాత పేరు ఎక్కడెక్కడ దాగుందో వెతకాలి. యాక్సెస్‌లో అయితే ఎంసిస్‌ఆబ్జెక్ట్స్ అనే దాపు టేబుల్లో యాక్సెస్ లింకుల పాత్‌లన్నీ ఒకేచోట చదవొచ్చు. క్వెరీల్లోని ‘ఇన్’ క్లాజులు, సేవ్ చేసిన ఇంపోర్టులు, ఓడీబీసీ డీఎస్‌ఎన్‌లు, షెడ్యూల్డ్ టాస్కుల ఆర్గ్యుమెంట్లు, ఎక్సెల్ పవర్ క్వెరీ కనెక్షన్లు, డెస్క్‌టాప్ షార్ట్‌కట్లు విడివిడిగా చూడాలి. ఆఫీసులో పాత నాస్ పెట్టె ఉంటే ఇంకొకటి కూడా: 2017లో వానాక్రై దాడి జరిగిన ఏడాదే, విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి పాత ఎస్ఎంబీ 1 ప్రోటోకాల్‌ను మామూలుగా ఇన్‌స్టాల్ చేయడం మైక్రోసాఫ్ట్ మానేసింది. కొత్త సిస్టమ్ నుంచి ఆ పెట్టె ఏ పేరుతో పిలిచినా పలకకపోతే, పాత్‌ను దిద్దడం ఆపి ముందు పెట్టె ఫర్మ్‌వేర్ ఎస్ఎంబీ 2కు మారుతుందేమో చూడాలి, మారకపోతే డేటాను వేరే మెషిన్‌కు తరలించాలి.